మార్చి కార్తెలో శిక్షణ

రైతుకు తెలిసిన కార్తెలు ఇరవై ఏడు. ఇరవై ఎనిమిదోది ప్రభుత్వ ఆఫీసుల్లో పుట్టింది. పంచాంగం ప్రకారం అప్పుడు నడిచేది ఉత్తరాభాద్ర. ఖజానా ప్రకారం మాత్రం అది మార్చి కార్తె. ముప్పై ఒకటో తేదీ సాయంత్రానికి ఖర్చు పెట్టని డబ్బు మురిగిపోతుంది కాబట్టి, ఈ కార్తెలో శిక్షణలు కుండపోతగా కురుస్తాయి. గొడుగున్నా లాభం లేదు. తడవాల్సిందే.

పోయిన మార్చిలో మా బావ తడిశాడు. అక్క మొగుడు, పల్నాడులో వ్యవసాయం. సొంతం రెండెకరాలు, కౌలుకు ఇంకో రెండు. పొద్దున్నే ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, రేపు నాకు శిక్షణ."

సిగ్నల్ సరిగా లేక చివరి 'ణ' వినపడలేదు. గుండె గుభేలుమంది. ఏం నేరం చేశావు బావా అని అడగబోయి తమాయించుకుని, దేంట్లో అన్నాను.

"మిరపలో తామర పురుగు నివారణంట."

"మరి మిరపేదీ?"

"కల్లంలో ఉంది. సగం ఎండింది. పురుగు కూడా దానంతటదే నివారణ అయింది, చేలో తినేందుకేం మిగల్లా."

రోజుకూలీ ఇచ్చి మనుషుల్ని పిలిపించుకుని, తాలుకాయ ఏరే పనికి పెట్టుకున్న రోజది. అయినా వెళ్లక తప్పదన్నాడు. హాజరు పట్టీలో యాభై సంతకాలుండాలట. ఊళ్లో వ్యవసాయ సహాయకురాలిగా పనిచేసే అమ్మాయి ఇంటింటికీ వచ్చి, "బాబాయ్, ఒక్క పూట వచ్చి కూర్చోండి, నా ఉద్యోగం నిలబెట్టండి" అని బతిమాలిందట. రైతుకు సలహా ఇవ్వడానికి ప్రభుత్వం వేసిన మనిషి, తన ఉద్యోగం నిలబెట్టమని రైతునే అడుక్కునే రోజులివి. ఏం చేస్తాడు, వెళ్లాడు. కాలమ్‌కి సరుకు దొరుకుతుందన్న ఆశతో నేనూ గుంటూరు నుంచి బయల్దేరాను.

పదింటికన్న సభకి అతిథులు పన్నెండున్నరకి వచ్చారు. ఫ్లెక్సీ మీద తొమ్మిది మంది నాయకుల ఫొటోలు, వాటి సందులో చిన్న మిరపకాయ. దగ్గరికి వెళ్లి చూస్తే అది క్యాప్సికం. ఫ్లెక్సీ వేసిన కుర్రాడికి ఫోన్లో అదే దొరికి ఉంటుంది, వాణ్ణని లాభం లేదు. జ్యోతి వెలిగించడం మూడుసార్లు జరిగింది. మొదటిసారి ఫ్యాన్ గాలికి ఆరిపోయింది, రెండోసారి ఫొటో సరిగా పడలేదు.

ముఖ్య అతిథి రైతే రాజు అన్నారు. రాజులు ప్లాస్టిక్ కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు. వెనక వరస రాజులకి కుర్చీలు చాల్లేదు.

ఆ తర్వాత ఒక నిపుణుడు తెర మీద బొమ్మలు వేసి చెప్పడం మొదలెట్టారు. మనిషి మంచివాడు, చదువుకున్నవాడు, చెప్పిందాంట్లో ఒక్క తప్పు లేదు. అదే వచ్చిన చిక్కు. సమగ్ర సస్యరక్షణ, జీవ నియంత్రణ, ఆర్థిక నష్ట పరిమితి స్థాయి... ఈ ఆఖరిదేమిటని నా పక్కనున్న ముసలాయన గొణిగాడు. పురుగు ఒక లెక్క దాటితేనే మందు కొట్టాలి, అంతకు ముందు కొడితే మందు ఖర్చే నష్టం, ఆ లెక్కనే అలా అంటారని నాకు తెలిసింది చెప్పాను.

మా బావ అందుకున్నాడు. "ఆ స్థాయి నేను దాటి ఏడేళ్లయింది."

ప్రశ్నలుంటే అడగమన్నారు. ఈ ఏడు మిర్చి ఎంత పలుకుద్దని ఒకాయన అడిగాడు. అది మార్కెటింగ్ శాఖ వాళ్లు చెప్పాలన్నారు. విత్తనం మొలవలేదని ఇంకొకాయన లేచాడు. ఫిర్యాదులకు వేరే విభాగం ఉందన్నారు. కౌలు కార్డు ఉన్నా బ్యాంకు అప్పు ఇవ్వడం లేదని మా బావ అన్నాడు. బ్యాంకు ఈ సబ్జెక్టులోకి రాదన్నారు. ఆ రోజు సబ్జెక్టులోకి వచ్చింది పురుగు ఒక్కటే, అదేమో సభకి రాలేదు. చివర్లో అందరూ చేతులెత్తి ఫొటో దిగారు. ఎత్తింది ఉత్సాహంతోనో లొంగుబాటుతోనో ఫొటోలో తెలీదు. పులిహోర పొట్లం, పెరుగన్నం, ఒక పెన్ను, ఒక జిప్పు సంచి. పులిహోర బాగుంది.

*

చిన్న రైతుకు చెప్పి బాగుచేద్దామన్న ఆలోచన ఇవాళ్టిది కాదు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైనప్పుడు ఊళ్లలోకి సైకిలు మీద గ్రామసేవక్ దిగాడు. ఆ తర్వాత ఏఈవో వచ్చాడు, ఎంపీఈవో వచ్చాడు, ఇప్పుడు వీఏఏ, అంటే గ్రామ వ్యవసాయ సహాయకులు. అక్షరాలు మారాయి, సైకిలు బండి అయింది, బండి మీద ఫైళ్ల బరువు పెరిగింది.

మధ్యలో ప్రపంచ బ్యాంకు వారి వైద్యం ఒకటి నడిచింది. డేనియల్ బెనోర్ అనే ఇజ్రాయెల్ వ్యవసాయ నిపుణుడు 'శిక్షణ–సందర్శన' అనే పద్ధతి కనిపెట్టారు. మన దేశంలో 1974లో చంబల్, రాజస్థాన్ కాలువల కింద మొదలై, అక్కణ్ణించి ఆసియా, ఆఫ్రికా దేశాల నిండా పాకింది. పదిహేను రోజులకోసారి శిక్షణ పొందిన ఉద్యోగి ఊరికొస్తాడు, ఎంపిక చేసిన కొద్దిమంది రైతులకు పాఠం చెబుతాడు, వాళ్లు మిగతావాళ్లకు చెబుతారు. కాగితం మీద చక్కని కాలువ. పై చేలో నీళ్లు పెడితే కింది చేలోకి అవే పారతాయి.

కాలువల సంగతి పల్నాటి వాళ్లకి ఒకరు చెప్పాలా? పై చేను నిండకుండా కింది చేనుకు నీళ్లెప్పుడొచ్చాయి గనక! ఎంపికయ్యేది ఎక్కడైనా అరుగున్న ఆసామే. మా బావ ఊళ్లో కూడా అంతే. ఆ ఆసామి పొలానికీ మా బావ పొలానికీ మధ్య ఒక కాలువా రెండు పార్టీలూ అడ్డం. సలహా ఈదలేక అవతలి గట్టు మీదే ఆగిపోయింది. లోకమంతా దాదాపు ఇదే కథ నడిచింది. పైగా ఉద్యోగుల జీతాల బరువు మోయలేక, బ్యాంకు సొమ్ము ఆగగానే పథకాలూ ఆగాయి.

ఇప్పుడు మాత్రం భవనాలున్నాయి. 2020 మే 30న ఆంధ్రలో 10,641 రైతు భరోసా కేంద్రాలు ఒక్కరోజే తెరుచుకున్నాయి, 2024లో ప్రభుత్వం మారాక అవి రైతు సేవా కేంద్రాలయ్యాయి. తెలంగాణలో ఐదు వేల ఎకరాలకొక క్లస్టరు చొప్పున 2,601 రైతు వేదికలు కట్టారు. భరోసా పోయి సేవ వచ్చింది, మొత్తం మీద గోడలకి సున్నం దండగ లేకుండా పడుతోంది. భవనాలు వద్దని నేనను. ఎండలో నిలబడేవాడికి నీడ దొరికింది. కానీ లోపల కూర్చున్న అమ్మాయి పని చూడండి. పంట నమోదు చేయాలి, గట్టు మీద రైతును నిలబెట్టి ఫొటో తీయాలి, ఈకేవైసీ వేలిముద్రలు వేయించాలి, యూరియా బస్తాలు లెక్క చూడాలి, బీమా జాబితా, నష్టం జాబితా, ఏ సర్వే వస్తే ఆ సర్వే. అగ్రికల్చర్ చదివిన పిల్ల. నాలుగు తిట్లు ఈ చెవిన, నాలుగు మెమోలు ఆ చెవిన పడుతుంటే, ఆకు తిప్పి పురుగును చూసే తీరికెక్కడ? రైతు వేలు యంత్రం మీద పడితేనే ఆమెకా రోజు గడిచేది. మట్టి పని చేసి అరిగిన వేళ్లు, అంత సులువుగా పడవు.

*

మనిషికి తీరిక లేకపోతే ఫోనుంది కదా అంటారు. ఉంది. మా బావ పధ్నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నాడు. తెల్లారుతూనే పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ మీద శుభోదయం, దాని కింద ఎకరానికి నలభై క్వింటాళ్లు పండించిన మహానుభావుడి వీడియో. ఆ వీడియో కింద బయో మందు అమ్మేవాడి నంబరు.

ఎస్సెమ్మెస్ సలహాల కథ ఇంకా బావుంటుంది. బావ కౌలుకు చేసే రెండెకరాల ఆసామి కూకట్‌పల్లిలో తొమ్మిదో అంతస్తులో ఉంటాడు. పాసు పుస్తకం ఆయనది, ఫోన్ నంబరూ ఆయనదే. "మీ మిరపలో పై ముడత గమనించండి, నీలం జిగురు అట్టలు కట్టండి" అన్న మెసేజీ పొలానికి రాకుండా ఠంచనుగా ఆయనకు పోతుంది. పెద్దమనిషి బుద్ధిగా బాల్కనీలో మూడు కుండీలకి నీలం అట్టలు కట్టాడు. పోయిన సంక్రాంతికి ఆ మిరపకాయలు చూపించాడు. నిగనిగలాడుతున్నాయి. శాస్త్రీయ సేద్యం ఫలితాలు ఇవ్వదని ఎవరన్నారు?

*

ఇంతకీ మా బావకు సలహా ఇచ్చేదెవరు?

చెబుతాను. బజారు మలుపులో మందుల కొట్టు. డిసెంబరులో ఒక సాయంత్రం నేనూ వెంట వెళ్లాను. బావ పాలిథిన్ కవర్లో రెండు మిరప కొమ్మలు తుంచి తెచ్చాడు. ఆకు అంచులు పైకి దోనెలా ముడుచుకుని ఉన్నాయి. పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి, ఇది చంటిపిల్లలకి కూడా తెలుసక్కడ. కొట్టాయన కవరు కేసి చూడలేదు. ఎర్ర అట్ట ఖాతా పుస్తకం తీసి, వేలికి తడి చేసుకుని, మా బావ పేజీ కేసి చూశాడు. రోగం అక్కడ కనిపించింది కాబోలు, తలాడించాడు.

చీటీ రాశాడు. తామర పురుగుకొకటి, ఉంటే గింటే నల్లికొకటి, తెగులు రాకుండా ఒకటి, చేను పచ్చబడటానికి టానిక్, అన్నీ ఆకుకు అంటుకోవడానికి జిగురు. ఐదూ ఒకే ట్యాంకులో కలిపి కొట్టమన్నాడు. ఇన్ని కలపకూడదని పుస్తకాల్లో ఉంటుందే అని నేను నసిగాను. ఆయన నా కేసి జాలిగా చూశాడు. "ఒక్కోటి విడిగా కొడితే ఐదుసార్లు కూలీ ఎవరిస్తారండీ, మీరిస్తారా?" నా దగ్గర సమాధానం లేదు. నిపుణుడి దగ్గరా ఉండదు.

బిల్లు లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీ, కోతలయ్యాక లెక్క. సలహా మాత్రం ఉచితం.

డబ్బా మీద డైమండు ఆకారపు గుర్తు ఉంటుంది, దాని కింది సగంలో రంగు. ఎరుపైతే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. డబ్బాతో ఇచ్చే కాగితంలో తెలుగు కూడా ఉంది, నా కళ్లజోడు మీద భూతద్దం పెడితే కనిపించింది. ఆ రంగుల సంగతి బావకు చెప్పాను. "తెలుసులే. ఎరుపున్నది బాగా పనిచేత్తది, పచ్చది ఉత్త నీళ్లు" అన్నాడు. జాగ్రత్త కోసం వేసిన గుర్తు బజార్లో క్వాలిటీ గుర్తయి కూర్చుంది.

2003లో జాతీయ నమూనా సర్వే వాళ్లు దేశమంతటా రైతుల్ని అడిగారు, సాగు సమాచారం మీకెక్కడ దొరుకుతుందని. నూటికి అరవై మంది ఎక్కడా దొరకదన్నారు. పదమూడు మంది మందుల కొట్టు పేరు చెప్పారు. ప్రభుత్వ విస్తరణ ఉద్యోగి పేరు చెప్పినవాళ్లు ఆరుగురు కూడా లేరు. అందరికంటే ఎక్కువ, దాదాపు పదిహేడు మంది, చూసి నేర్చుకున్నది బాగా పండించే తోటి రైతు దగ్గర.

సరిగ్గా అదే ఏడు హైదరాబాదు రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విస్తరణ నేర్పే మేనేజ్ సంస్థ ఒక డిప్లొమా మొదలుపెట్టింది. రైతులకి కాదు, మందుల కొట్టు వాళ్లకి. ఏడాది పాటు వారానికో తరగతి. వినగానే నవ్వొస్తుంది గానీ ఆలోచిస్తే తప్పు పట్టలేం. రైతు దగ్గరికి సర్కారు వెళ్లలేకపోయింది, రైతు వెళ్లే చోటికి చదువు పంపింది. ఆ డిప్లొమా చదివి, "ఈ వారం మందొద్దు, ఆగు" అని చెప్పే కొట్టాయన్ని నేనొకణ్ణి ఎరుగుదును. ఆయన కొట్లో ఈగలు తోలుకుంటుంటాడు. ఎదురు కొట్లో జనం.

ఎందుకంటారా? 2021లో మిరప మీదికి నల్ల తామర పురుగు దిగింది. ఆగ్నేయాసియా దాని పుట్టిల్లు. 2015లో బెంగళూరు వైపు బొప్పాయి మీద మొదట పట్టుబడింది, ఆరేళ్లకి గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిరప పూలలో కాపురం పెట్టింది. పూవు విప్పితే లోపల నల్లగా కదిలేది. ఆ సీజన్లో మా బావ కొట్టని మందు లేదు. మూడు రోజులకోసారి కొట్టాడు. కొట్టేకొద్దీ పురుగును తినే పురుగులు ముందు చచ్చాయి. ఊళ్లో సగం మంది చేలు దున్నేశారు. కొట్లకి మాత్రం అంత గొప్ప సంవత్సరం మళ్లీ రాలేదు. ఆగమన్నవాడి మాట వినే గుండె ఆ ఏడాది ఎవరికీ లేదు. కళ్లెదుట నాలుగు లక్షలు నల్లబడుతుంటే చేతులు కట్టుకుని కూర్చునే ధైర్యం ఉపన్యాసంతో వస్తుందా?

*

అలాంటి ధైర్యం మా బావకి ఒక్కసారి వచ్చింది. ఇరవయ్యేళ్ల కిందట, సాగర్ కుడికాలువ కింద వరి వేసిన రోజుల్లో. ఊళ్లో పొలంబడి పెట్టారు.

దాని మూలం మళ్లీ ఆగ్నేయాసియాలోనే ఉంది. ఇండోనేషియాలో సర్కారే సబ్సిడీ ఇచ్చి వరి మీద మందులు కొట్టించింది. మిత్ర పురుగులన్నీ చచ్చి సుడిదోమ విరుచుకుపడింది. 1986లో 57 రకాల మందుల్ని వరి మీద వాడొద్దని అధ్యక్షుడే ఉత్తర్వు ఇచ్చాడు. 1989లో అక్కడ పొలంబడులు మొదలయ్యాయి. పురుగూ అటు నుంచే వచ్చింది, విరుగుడూ అటు నుంచే వచ్చింది. మనవాళ్లు పురుగును మాత్రం ఏ మార్పూ లేకుండా దిగుమతి చేసుకున్నారు.

ఆ బడికి గోడల్లేవు, జ్యోతి లేదు. వారానికోసారి పొద్దున్నే, ఇంకా ఆకు మీద మంచు ఉండగానే, పాతిక మంది మడిలో దిగేవాళ్లు. దుబ్బు దుబ్బూ విడదీసి పురుగుల్ని లెక్కపెట్టి, గట్టు మీద కూర్చుని చార్టు మీద రంగు పెన్సిళ్లతో బొమ్మలు వేసేవాళ్లు. మా బావ వేసిన దోమ ఏనుగులా ఉండేదని అక్క ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. బడి నడిపే అతను ఏదడిగినా జవాబు చెప్పేవాడు కాదట. ఇదేం పురుగండీ అంటే, "ఏం చేస్తోందది? ఎక్కడ దొరికింది? మీరేమనుకుంటున్నారు?" అని ఎదురు అడిగేవాడు. మొదట్లో అందరూ వీడికేం తెలీదురా అనుకున్నారట.

ఒకరోజు గాజు సీసాలో నాలుగు సుడిదోమలు, ఒక సాలీడు వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి బావ చేతికిచ్చాడు, ఇంటికి తీసుకెళ్లమని. బావ దాన్ని దీపం గూట్లో పెట్టాడు. రాత్రి రెండుసార్లు లేచి టార్చి వేసి చూశాడు. తెల్లారేసరికి సాలీడు ఒక్కటే మిగిలింది, పొట్ట ఉబ్బి కూర్చుంది.

ఆ ఏడు బావ వరికి ఒక్కసారి కూడా మందు కొట్టలేదు. కొట్టాయన రెండుసార్లు కబురు పెట్టినా వెళ్లలేదు. "నేను కొట్టినా కొట్టకపోయినా నా చేలో జీతం లేని కూలీలు పనిచేత్తన్నారయ్యా" అని నాతో గొప్పగా అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన జిప్పు సంచులు పదకొండు తెచ్చుకున్నాడు, సర్టిఫికెట్లు ఐదు. వాటిలో ఏం చెప్పారో ఒక్కటీ గుర్తు లేదు. సీసాలో సాలీడు ఎన్ని కాళ్లు కదిపిందో గుర్తుంది.

ఆ బడి తర్వాత ఏమైందంటారా? బాగా నడిచిన పనికి మన దగ్గర ఏమవుతుందో అదే అయింది. లక్ష్యాలు పెట్టారు. మండలానికి ఇన్ని బడులు, బడికి ఇంత బిల్లు. సీజనంతా నడిచే బడి కొన్నిచోట్ల మూడు వారాలకి, మరికొన్నిచోట్ల ఒక పూటకి కుదించుకుంది. రిజిస్టర్లలో మాత్రం పాతిక సంతకాలూ పడ్డాయి. మంచు ఆరకముందు పొలంలో దిగే మనిషిని పదకొండింటికి వీడియో కాన్ఫరెన్సులో కూర్చోబెట్టారు.

నిన్న మళ్లీ బావ ఫోన్ చేశాడు. ఈసారి మిరప నారు పోయకముందే, జులైలోనే శిక్షణ పెడుతున్నారట. అది నిజమైతే అధికారుల్ని మనసారా అభినందిస్తున్నాను. మార్చి కార్తె జులైకి జరగడం చిన్న విషయం కాదు.

అయ్యా వ్యవసాయాధికారులూ, ఆ రోజు ఫ్లెక్సీ లేకపోయినా ఫర్వాలేదు, జ్యోతి లేకపోయినా ఫర్వాలేదు. పులిహోర మా అక్క చేస్తుంది. వచ్చేటప్పుడు ఒక పాతిక గాజు సీసాలు పట్టుకురండి. మూతికి కట్టేందుకు పాత పంచె మా బావ దగ్గరుంది.